మీసాల రొయ్య లోపలి బొమ్మ

మా అక్క కూతురి కంప్యూటర్‌లో నేను మొదట చూసింది ఒక పిల్లి పుర్రె. నిజం పిల్లిది కాదు. పిల్లల టీవీ బొమ్మల్లో రెండు కాళ్ళ మీద నడుస్తూ, ముఖంలో సగం కళ్ళే ఉండే రకం పిల్లిది. దాని తోలు ఒలిచి, ఎముకలు గీసి, దవడలో పళ్ళు అమర్చి, బాణం గుర్తులు వేసి ఒక్కోదానికీ పేరు కూడా రాసింది. నేను అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాను. ఎలా ఉందని అడిగింది.

"లేని పిల్లికి ఇంత గట్టి పుర్రె ఎందుకే?" అన్నాను.

"ఉంటే ఎట్టుంటుందో అని పిన్నీ."

"ఉంటే ఈ పాటికి వంటింట్లో పాలు తాగేసి ఉండేది."

నవ్వింది. ఆ పిల్లతో అదే చిక్కు. నేను తిట్టినా నవ్వుతుంది, మెచ్చుకున్నా నవ్వుతుంది. మెచ్చుకున్న సందర్భాలు తక్కువ కాబట్టి తేడా తెలిసే అవకాశం నేనే ఇవ్వలేదు.

నేను పనిచేసేది నెల్లూరులో, మైపాడు రోడ్డు మీద ఒక చిన్న ల్యాబ్‌లో. రెండు గదులు, ఒక మైక్రోస్కోపు, ఎన్ని సబ్బులు అరగదీసినా చేతులను వదలని నీచు వాసన. రైతులు తమ రొయ్యల గుంటల్లోని నీళ్ళను సీసాల్లోనూ, రొయ్యలను ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ కవర్లలోనూ తెస్తే, పరీక్ష చేసి కాగితం రాసి ఇస్తాను. ఇరవై ఏళ్ళుగా నేను చూసిందంతా రొయ్యల కడుపులే. రొయ్యకి గుండె తలలో ఉంటుంది. పొట్ట తలలో ఉంటుంది. రైతులు లివర్ అని పిలిచే గోధుమ రంగు ముద్ద కూడా తలలోనే ఉంటుంది. అక్కడి నుంచి తోక దాకా వీపు వెంబడి ఒకటే పేగు. ఒళ్ళు గాజులా ఉంటుంది కాబట్టి కోయకుండానే అంతా కనిపిస్తుంది.

మా రైతులకి ఈ చదువు నాకంటే బాగా వచ్చు. పొద్దున్నే గుంటలో మునిగి ఉన్న చెక్ ట్రేని పైకి లాగుతారు. అందులో చిక్కిన రొయ్యని వేళ్ళ మధ్య పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తారు. పేగు మేత రంగులో నిండుగా ఉంటే టీ తాగడానికి పోతారు. పేగు తెల్లటి దారంలా కనిపించిందంటే మాత్రం ఆ రోజు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. ఆ రోగాన్ని వైట్ గట్ అంటారు. ఆ మాటని మా వైపు ఎవరూ గట్టిగా అనరు, పక్క గుంట రైతు వింటాడని.

నేను డిగ్రీలో చదివింది కూడా జువాలజీయే. మా లెక్చరర్ రికార్డులో ఒక్క గీత పక్కకి పోతే పేజీ చింపి చేతిలో పెట్టేవాడు. కప్ప గుండె నేను ఐదుసార్లు గీశాను. అలా చెయ్యి నొప్పెట్టేలా నేర్చుకున్న దానికి ఒక మర్యాద ఉంటుందని నా నమ్మకం. ఇప్పుడు ఈ పిల్ల వచ్చి, ప్లాస్టిక్ పలక మీద ప్లాస్టిక్ పుల్లతో, ఎక్కడా లేని ఎలుగుబంటికి కాలేయం గీస్తూ కూర్చుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. తప్పు గీస్తే చింపడానికి పేజీ కూడా లేదు. వేలితో ఒకటి నొక్కితే తప్పు మాయమైపోతుంది. సిగ్గుపడే పనే లేని చదువు.

పైగా దానికి అభిమానులు. ఫోన్‌లో వాళ్ళు రాసేవన్నీ తెచ్చి నాకు చదివి వినిపించేది. ఎక్కడో ఎవరో ఎలుగుబంటి పక్కటెముకలు చూసి ఏడుపొచ్చింది అన్నాడట. ఇంకొకామె తన పడకగదిలో పెట్టుకోవడానికి పిల్లి పేగుల బొమ్మ పెద్ద సైజులో కావాలందట. పడకగదిలో పేగులు పెట్టుకునే మనుషులతో ఈ పిల్ల రోజంతా కబుర్లు చెబుతోందని మా అక్కకి ఫోన్ చేసి చెప్పాను. మా అక్కకి సగం అర్థమైంది, భయం మాత్రం పూర్తిగా పట్టుకుంది.

ఒక్కసారి మాత్రం దొరికిపోబోయాను. పిల్లి తలని అడ్డంగా కోసినట్టు గీసి చూపించింది. కళ్ళు అంత పెద్దవైతే వాటి గుంటలు వెనక దాకా పోతాయి, ఇక మెదడుకి మిగిలిన చోటు శనగగింజంత అని లెక్క వేసింది. "అందుకే పిన్నీ, అది ప్రతిసారీ మోసపోతుంది" అంది. నాకు నవ్వొచ్చింది. అది చూడకూడదని టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ పిల్ల నా దగ్గర ఉండటానికి ఒక షరతు ఉంది. మా బావ గూడూరులో నిమ్మకాయల మండీ నడుపుతాడు. మాటంటే మాటే అనుకునే మనిషి. ముత్తుకూరు దగ్గర పోర్టు పనులు చూసే ఒక ఆఫీసులో, లారీలకి గేటు పాసులు కొట్టే ఉద్యోగం కూతురి కోసం మాట్లాడి ఉంచాడు. ఈ పిల్ల ఒప్పుకోకుండా బొమ్మలే గీస్తానని మొండికేసింది. చివరికి బావ దసరా దాకా గడువు పెట్టాడు. అప్పటికి నలుగురికీ చెప్పుకోదగ్గ పని బొమ్మల్లో దొరికితే సరే, లేకపోతే గేటు పాసులే. నెల్లూరులో అయితే కంప్యూటర్ మనుషులు కనిపిస్తారని నా ఇంటికి పంపాడు. కనిపించింది నేను.

శ్రావణంలో ఒకరోజు నాకు క్యారియర్ ఇవ్వడానికి ల్యాబ్‌కి వచ్చింది. అప్పుడే ఒక రొయ్యల మేత కంపెనీ ఏరియా మేనేజర్ కూర్చుని ఉన్నాడు. అరగంట నుంచి తన కంపెనీ మేత గురించి నాకు చెబుతున్నాడు. నేను వింటున్నానని అనుకుంటున్నాడు. వాళ్ళ మేత బస్తాల మీద ఒక రొయ్య బొమ్మ ఉంటుంది. తలపాగా, పంచెకట్టు, మెలితిప్పిన కోరమీసం, ఎత్తి చూపే బొటనవేలు. రొయ్యకి పుట్టుకతో వచ్చిన మీసాలు ఉండగా ఇంకో జత అతికించారు. ఇక రొయ్యకి బొటనవేలు ఎక్కడిదని ఆ మేనేజర్‌ని నేను చాలాసార్లు అడిగాను. ఆయన ప్రతిసారీ అది బ్రాండ్ మేడమ్ అనేవాడు.

మా పిల్ల ఊరుకుంటే కదా. బస్తా బొమ్మని చూసి, "ఈ రొయ్యకి లోపల ఎట్టుంటుందో గీయొచ్చు సార్" అంది. ఫోన్ తీసి పిల్లినీ ఎలుగుబంటినీ చూపించింది. మేనేజర్ కుర్చీలో ముందుకి జరిగాడు. దసరాకి ముందు రైతుల మీటింగ్ ఉందట. అక్కడ కట్టడానికి నిలువెత్తు ఫ్లెక్సీ కావాలట. మీసాల రొయ్య ఒళ్ళు గాజులా ఉండాలి, లోపల గుండె, లివర్, పేగు అన్నీ కనిపించాలి, మా మేత తింటే లోపల ఎంత బాగుంటుందో రైతు కళ్ళారా చూడాలి అన్నాడు. అది నచ్చితే బస్తాలు, వాల్‌పోస్టర్లు, కదిలే బొమ్మలు, ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు. ఆ రోజు సాయంత్రం బావకి ఫోన్ చేస్తే, ఆయన, అదయితే ఉద్యోగమే కదా అన్నాడు. పోర్టు వాళ్ళకి ఇంకో మాట చెప్పుకుంటానన్నాడు. ఆ పిల్ల ఫోన్ పెట్టేసి ఇల్లంతా గంతులేసింది.

మరుసటి రోజు నుంచి నా ప్రాణం తీసింది. చూసి గీయడానికి బతికున్న రొయ్యలు కావాలంది. గుంటల దగ్గరికి తీసుకెళ్ళమంది. ఆదివారం ఒక్కరోజు మైపాడు వైపు బస్సెక్కితే, ఏ రైతైనా చెక్ ట్రే ఎత్తి చూపించేవాడు. ఒక లేని రొయ్య కోసం ఎండలో గట్ల మీద తిరగడానికి నాకేం పట్టింది. ల్యాబ్‌లో పరీక్షకి పోగా మిగిలిన రొయ్యలు కవర్లలో కొట్టుకుంటుంటే, అవే రెండు మూడు రోజులకోసారి సంచిలో వేసి ఇంటికి తెచ్చి పడేశాను. మిగిలిన శాంపిళ్ళను బ్లీచింగ్ నీళ్ళలో వేసి పూడ్చిపెట్టాలి, బయటికి పోనివ్వకూడదు అని మా ల్యాబ్ గోడ మీద రాసి ఉంటుంది. ఆ అక్షరాలు రాసింది నేనే. అయినా, చూసి గీసుకోవడానికి ఏ రొయ్యయితే ఏంది అనుకున్నాను.

వాటిని గాజు గిన్నెలో వేసి, వెనక టేబుల్ లైటు పెట్టి, ముక్కు గిన్నెకి ఆనించి పన్నెండు రోజులు గీసింది. గుండె కొట్టుకోవడం లెక్కపెట్టింది. లివర్ రంగు కోసం కాగితాల మీద ఇరవై రకాల మచ్చలు వేసి గిన్నె పక్కన పట్టి పోల్చింది. మా లెక్చరర్ చూస్తే ముచ్చటపడేవాడు. నేను చూడలేదు. నేను సీరియల్ చూశాను.

బొమ్మ పూర్తయిన రోజు కంప్యూటర్‌ని ఎత్తుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

"ఒక్కసారి చూడు పిన్నీ. మీసం అదీ వాళ్ళిష్టం. లోపల ఏమన్నా తప్పుంటే చెప్పు."

"పంచె కట్టిన రొయ్యకి లోపల ఏముంటే ఏందే?" అన్నాను, చింతపండు పిసుకుతూ. "నీకు తోచింది పెట్టుకో. ఎవుడు చూస్తాడు?"

"రైతులు చూస్తారు గదా."

"వాళ్ళకి గుంటల్లో రొయ్యల్ని చూసుకునేదానికే టైము లేదు. నీ బొమ్మలోది చూస్తారా?"

నేను తల తిప్పలేదు. చేతులు పులుసులో ఉన్నాయి గానీ కళ్ళు ఖాళీగానే ఉన్నాయి. ఆ పిల్ల కంప్యూటర్ పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది, బొమ్మని ఆ పూటే కంపెనీకి పంపింది. అక్కడివాళ్ళు మీసం, తలపాగా సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రం చూసుకుని అచ్చుకి ఇచ్చారట.

మీటింగ్ ఒక కల్యాణమండపం ముందు, షామియానా కింద. మా ల్యాబ్ ఓనర్‌ని నీటి పరీక్షల మీద మాట్లాడమని పిలిచారు. ఆయనతో నేనూ వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. మా పిల్ల పండక్కి కొన్న చుడీదార్ ముందే వేసుకుని స్టేజీ పక్కన నిలబడింది. బావ కూడా గూడూరు నుంచి వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. మేనేజర్ తాడు లాగితే ముసుగు జారి ఫ్లెక్సీ కనిపించింది.

నిజం చెప్పాలంటే, బొమ్మ బాగుంది. ముదురు నీలం మీద ఆ రొయ్య వెలిగిపోతోంది. తలపాగా కిందే గుండె, దాని పక్కన లివర్ ముద్ద, అక్కడి నుంచి పంచెకట్టు లోపలి దాకా వంపు తిరిగిన పేగు. ఏదీ వెంట్రుకవాసి అటు ఇటు కాలేదు. పేగు మాత్రం తెల్లగా ఉంది. ట్యూబులైటులా తెల్లగా, మధ్యలో రెండుచోట్ల తెగి ఉంది. లివర్ పాలిపోయి, ముడుచుకుని ఉంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రైతులు ఒక్కొక్కరే లేచి దగ్గరికి వచ్చారు. తెల్ల లుంగీ కట్టిన ఒక పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని, పేగు వెంబడి తల నుంచి తోక దాకా వేలు పోనిచ్చాడు.

"ఇది ఎవురి గుంటలోదబ్బా?" అన్నాడు.

మేనేజర్ నవ్వుతూ, అది బొమ్మ పెద్దాయనా అన్నాడు.

"బొమ్మేలే. వైట్ గట్ గదా ఇది. లివర్ కూడా పొయ్యింది. ఇంక వారం నిలవదు."

"మేత ఆపేసి, ఉన్నకాడికి పట్టుబడి చేసి అమ్ముకోవడమే మేలు," అన్నాడు పక్కనున్న ఇంకో రైతు. అతనికి నిజంగానే జాలి కలిగింది. మీసాలూ పంచె ఉన్న రొయ్య మీద.

ఇంకెక్కడైనా జనం నవ్వుకుని పోయేవాళ్ళు. ఇక్కడ మాత్రం అయిదు నిమిషాల్లో మాట షామియానా చివరి దాకా పాకింది. ఈ మేత వేస్తే పేగు తెల్లబడుతుందని కంపెనీ వాళ్ళే బొమ్మ వేసి చూపిస్తున్నారట. డీలర్లు ఫోన్లు పట్టుకుని బయటికి నడిచారు. మేనేజర్ ముఖం లివర్ కంటే పాలిపోయింది.

నాకు మాత్రం అప్పటికే అంతా అర్థమైపోయింది. బాగున్న రొయ్యని ల్యాబ్‌కి ఎవరు తెస్తారు? రోగం వచ్చినవాటినే తెస్తారు. నేను ఇంటికి మోసుకెళ్ళిన ప్రతి కవరూ రోగిష్టి రొయ్యలదే. ఆ పిల్ల పన్నెండు రోజులు ముక్కు ఆనించి చూసింది వాటినే. చూసింది చూసినట్టు, రంగు తేడా కూడా రాకుండా గీసిపెట్టింది. ఎంత బాగా గీసిందంటే, కళ్ళజోడు పెట్టుకున్న ముసలి రైతు ఫ్లెక్సీ చూసి రోగం పేరు చెప్పగలిగాడు. నా రికార్డు పుస్తకాలన్నీ కలిపినా ఆ పని చేయలేవు.

మా ఓనర్ నా వైపు వంగాడు. గీసింది నా అక్క కూతురేనని ఆయనకి తెలుసు.

"ఇది వైట్ గట్ శాంపిల్ని చూసి గీసిందే మేడమ్. ఆ అమ్మాయికి యాడ దొరికింది?"

శాంపిల్ బయటికి పోయిందని తెలిస్తే ఆ రోజే నా ఉద్యోగం పోతుంది. గోడ మీది అక్షరాలు నావే.

"ఏమో సార్. నెట్‌లో ఏదో చూసి గీసి ఉంటుంది," అన్నాను.

ఆ పిల్ల నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. వింది. నా వైపు ఒకసారి చూసింది. కోపంగా కాదు, నేను ఇంకేమైనా అంటానేమోనని చూసింది. అంతలో మేనేజర్ వచ్చి అందరి ముందూ అడిగాడు.

"ఏం చూసి గీసినావమ్మా నువ్వు?"

"నెట్‌లో చూసి గీసినాను సార్," అంది.

"నెట్‌లో చూసి గీసేదానికి నువ్వెందుకు? ఎవురికైనా వచ్చు ఆ పని. కనీసం ఒక రొయ్యనైనా కళ్ళతో చూసుండాల్సింది."

"తప్పయిపోయింది సార్."

నేను నోరున్న మనిషినని మా వీధంతా చెప్పుకుంటారు. రేషన్ షాపులో, బస్సులో, బ్యాంకులో నేను ఊరుకున్న రోజు లేదు. ఆ మధ్యాహ్నం నా హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగుతూ, మూస్తూ కూర్చున్నాను. ఫ్లెక్సీని కిందికి దించి చుట్టేశారు. వెనక వరసలోంచి బావ లేచి కూతురి దగ్గరికి వెళ్ళి, పోర్టు ఆఫీసు వాళ్ళు సోమవారం నుంచి రమ్మన్నారు అని మాత్రం చెప్పాడు.

సోమవారం దాకా ఆ మూడు రోజులూ ఇంట్లో ఆ పిల్ల మామూలుగానే ఉంది. గాజు గిన్నె కడిగి బోర్లించింది. ల్యాబ్ సంగతి నేనే ఎత్తబోతే, "వదిలేయి పిన్నీ, నీకు రిటైర్మెంటు దాకా ఉండాలి గదా" అంది. అంత చిన్న పిల్ల నాకు రిటైర్మెంటు లెక్క చెబుతుంటే తల ఎత్తలేకపోయాను. లేని జంతువులకి పేగులు గీస్తోందని ఇన్నాళ్ళుగా ఎగతాళి చేశాను. ఉన్న మనిషి లోపల ఏముందో చూడమని ఆ రోజు ఎవరైనా నన్ను నిలబెట్టి వెలుతురుకు ఎత్తి ఉంటే, మా రైతులు దూరం నుంచే రోగం పేరు చెప్పేవాళ్ళు.

సోమవారం పొద్దున ముత్తుకూరు బస్సు ఎక్కించడానికి వెళ్ళాను. ప్లాస్టిక్ పలక సంచిలో లేదు. నా బీరువా మీద పెట్టి వచ్చిందట. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"పిన్నీ, నువ్వు తెచ్చిన రొయ్యల పేగు తెల్లగానే ఉండె గదా? నేను చూడటంలో తప్పు లేదు గదా?"

"లేదే. ఉండేది ఉన్నట్టు గీసినావు."

"అయితే సరే," అని లోపలికి వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది. ఆ ఒక్క మాట నేను షామియానా కింద అందరూ వింటుండగా చెప్పాల్సింది. బస్టాండులో చెప్పాను.